నడుము గోలీలూ రెండు స్తంభాలూ

నేను కుదురుగా కూర్చునే మనిషిని కాను. స్టీరింగు ముందు తప్ప ఇంకెక్కడ కూర్చోబెట్టినా పది నిమిషాలకే కాలు ఊగడం మొదలవుతుంది. పెళ్ళిళ్ళలో కూడా నిలబడే తింటాను. అట్లాంటివాణ్ణి నిరుడు వానాకాలమంతా ఇంటి అరుగు మీద కూర్చోవలసి వచ్చింది. ఇప్పుడు బాగానే ఉన్నాను. కానీ ఆ రోజులు గుర్తొస్తే అరికాళ్ళు చల్లబడతాయి. రాసి పెట్టుకుంటే మనసు కాస్త నిమ్మళిస్తుందని, ఇంకొకరెవరైనా నాలాగా చేయకుండా ఉంటారని ఇది రాస్తున్నాను. ఇరవై ఏళ్ళుగా ట్రిప్పు షీటు తప్ప మరేదీ రాయని చెయ్యి, తప్పులుంటే సర్దుకుపోండి.

నా పేరు సైదులు. నకిరేకల్ పక్క పల్లెటూరు మాది. ఒక ప్రైవేటు బడికి బస్సు నడుపుతాను. పొద్దున ఐదూళ్ళు తిరిగి పిల్లలను బడికి చేర్చాలి, సాయంత్రం మళ్ళీ ఇళ్ళకు చేర్చాలి. బస్సులో నాతోపాటు లచ్చమ్మక్క ఉంటుంది. ఆయమ్మ అన్నమాట. పిల్లలను చెయ్యి పట్టి ఎక్కించేదీ, దింపేదీ, తలుపు దగ్గర నిలబడి "రైట్" అని అరిచేదీ ఆమే. ఆమె రైట్ అనకుండా మా బస్సు కదలదు. నాకంటే పదేళ్ళు పెద్దది. చదువు రాదు గానీ ఏ పిల్ల ఏ సీటులో కూర్చుందో కళ్ళు మూసుకుని చెబుతుంది.

ఏప్రిల్ చివర

బడికి సెలవులిచ్చే ముందురోజు వెనక టైరు పంక్చరైంది. స్టెప్నీ నేనే దించబోయాను.

"ఆగు తమ్మీ, ఇంకొకల్ని పిలుస్త. ఒక్కనివి ఏం మోస్తవ్?" అంటూనే ఉంది లచ్చమ్మక్క.

ఆగే గుణముంటే ఇంకేం! టైరు కిందికి దిగింది, నేను మాత్రం వంగినవాణ్ణి వంగినట్టే ఉండిపోయాను. నడుము పట్టేసింది. నలుగురు పట్టుకుని ఆటోలో వేశారు.

నల్లగొండలో ఎముకల డాక్టరు ఫోటో తీయించి, ఎముకకేం కాలేదని, కండరాలు బిగుసుకున్నాయని చెప్పాడు. పది రోజులకు గోలీలు రాశాడు. నొప్పికి ఒకటి, కండరాలు వదులు కావడానికి ఒకటి. "గిది వేసుకున్నన్ని రోజులు మబ్బుగ, నిద్రొచ్చినట్టు ఉంటది. బండి నడపొద్దు. పది రోజులైనంక మళ్ళ కనపడు" అన్నాడు. ఎట్లాగూ సెలవులే కదా అని తల ఊపాను.

నాలుగో రోజుకే లేచి తిరిగాను. పదో రోజుకు గోలీలు అయిపోయాయి. పన్నెండో రోజు చెప్పు తొడుక్కోబోతే నడుము మళ్ళీ పట్టుకుంది. డాక్టరు దగ్గరికి పోవాలంటే పూట పోతుంది, బెంచీ మీద కూర్చోవాలి. అది నావల్ల కాదు. ఖాళీ అట్ట జేబులో పెట్టుకుని మందుల దుకాణానికి పోయాను. మా దిక్కు ఖాళీ అట్టే డాక్టరు చిట్టీ. అట్ట చూపించి "గిదే ఇయ్యి" అంటే చాలు, ఇస్తారు. అట్లా ఒకసారి కాదు, మే నెలంతా తెచ్చుకున్నాను.

అక్కడితో ఆగినా బాగుండేది. మా ఊళ్ళో సంచి వేసుకుని ఇల్లిల్లూ తిరిగి సూదులేసే ఒకాయన ఉన్నాడు. డాక్టరనే పిలుస్తాం. నేను వంగి నడవడం చూసి ఆయన కాగితం పొట్లంలో విడి గోలీలు కట్టిచ్చాడు. "నరాలు ఇడుస్తయి సైదులూ, పొద్దుమాపు వేస్కో" అన్నాడు. ఆయన గోలీ గులాబీ రంగు, దుకాణం గోలీ తెలుపు. రంగు వేరైతే మందు వేరనుకున్నాను. రెండూ కలిపితే రెండింతల తొందరగా నయమవుతుందని లెక్క కూడా వేసుకున్నాను. అట్ట మందు సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే నీ మీద నమ్మకం లేదన్నట్టుంటుందని మొహమాటం. జూన్‌లో బడి తెరిచేనాటికి నడుము నిలబడాలి, నాకున్న ఆత్రమంతా అదే.

మే

ముందు నోరెండిపోసాగింది. ఎన్ని నీళ్ళు తాగినా నాలుక అంగిలికి అంటుకునేది. తర్వాత కళ్ళు. రెప్పల కింద ఇసుక పోసినట్టు గరగర. పేపరు చదువుతుంటే అక్షరం మీద ఇంకో అక్షరం ఎక్కి కూర్చునేది. ఒకరోజు అరుగు మీదినుంచి చూస్తే మా ఇంటి ముందు కరెంటు స్తంభాలు రెండున్నాయి. ఆ స్తంభం పాతిన రోజు నేనే గుంత తీశాను. ఒక్కటే స్తంభమది.

రామన్నపేటలో మా మేనమామ కొడుకు పెళ్ళి. మా బావ ఎదురొస్తున్నాడు, ఆయన పక్కనే అచ్చం ఆయనలాంటివాడే ఇంకొకడు. నవ్వుతూ చెయ్యి చాపాను. చేతికి గాలి తగిలింది.

"ఏం బావా, పట్టపగలే ఏసినవా?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు నేను చుక్క ముట్టలేదు.

నా భార్య పద్మ ఎండకు వేడి చేసిందని నడినెత్తిన ఆముదం పెట్టింది. పన్నీరు దూది కళ్ళ మీద వేసింది. సబ్జా నీళ్ళు తాగించింది. షుగరేమోనని రక్తం ఇచ్చొచ్చాను, షుగర్ లేదు. శుక్లాలా? నాకు నలభై ఆరేళ్ళు, అప్పుడేనా? గోలీల మీదికి మాత్రం నా బుద్ధి ఒక్కనాడూ పోలేదు. నడుముకు వేసుకునే గోలీ నడుముకే పోతుంది కదా, కళ్ళకు దానితో ఏం పని అనుకునేవాణ్ణి. ఎంత తెలివి!

"నల్లగొండ కండ్ల దవాఖానకు పోదాం పా" అని పద్మ రోజూ పోరు పెట్టేది.

"బడి తెరిసినంక చూద్దాం."

"తెరిసినంక ఏం చూస్తవ్? కండ్లే కానస్తలేవంటివి!"

నా భయం వేరు. కళ్ళ డాక్టరు కాగితం మీద ఏదైనా రాస్తే ఆ కాగితం లైసెన్సు దాకా పోతుంది. మా తాతకు గుంట భూమి లేదు. మా నాయిన ముప్పై ఏళ్ళు ఒకరింట్లో జీతమున్నాడు, పశువులు కాసి, పొలం దున్ని, ఏడాదికిన్ని వడ్లని. మా ఇంట్లో నెల నెలా జీతమందుకున్న మొదటి మనిషిని నేను. స్టీరింగు పోతే నాకు ఇంకో పని చేతకాదు. అందుకని కళ్ళ సంగతి నాలోనే దాచుకున్నాను.

దాచడానికి ఒక ఉపాయం కూడా దొరికింది. ఒక కన్ను మూస్తే రెండు స్తంభాలు ఒక్కటయ్యేవి.

జూన్

బడులు తెరిచే ముందు బడి బస్సులు నడిపేవాళ్ళందరికీ రవాణా ఆఫీసువాళ్ళు కళ్ళ పరీక్ష పెట్టారు. ఒక ఫంక్షన్ హాలులో వరుసగా నిలబడ్డాం. గోడకు అక్షరాల పట్టిక. ఒక్కొక్కరూ పోయి పైనుంచి కిందికి గట్టిగా చదవాలి. పెద్ద అక్షరాలు ఎట్లాగో కనబడ్డాయి. నాలుగో వరుస నుంచి అంతా అలుక్కుపోయింది. కానీ నా ముందు నిలబడినవాళ్ళు పాతికమంది. పాతికమందీ అదే వరుస గొంతెత్తి చదివారు. ర, ప, న, గ, వ. నా వంతు వచ్చేసరికి చిన్నప్పటి ఎక్కంలాగా నోటికొచ్చేసింది.

"నాలుగో వరుస?"

"ర, ప, న, గ, వ."

"బాగుంది. పో."

కాగితం మీద ముద్ర పడింది. బయటికొచ్చి వేపచెట్టు కింద చాయ్ తాగుతుంటే గ్లాసు అంచు అందక సగం చొక్కా మీద పోసుకున్నాను. ఎవరినో మోసం చేశాననిపించలేదు, నిజం చెబుతున్నాను. గండం గట్టెక్కాననే అనిపించింది.

బడి తెరిచారు. ఎడమ కన్ను సగం మూసి నడపడం మొదలుపెట్టాను. ఒక్క కంటితో చూస్తే ఎదురొచ్చే బండి ఎంత దూరంలో ఉందో అందేది కాదు. ముందే బ్రేకు వేసేవాణ్ణి. ఊరి స్టాపుల్లో పిల్లలకు పది గజాల ముందే ఆపేసేవాణ్ణి. లచ్చమ్మక్క దిగి, నడిచిపోయి పిల్లలను తెచ్చుకునేది. ఒకటి రెండుసార్లు నా ముఖంలోకి చూసింది. "కంట్ల నలక పడ్డది" అన్నాను. ఆ పూట నలక, మర్నాడు దుమ్ము, ఆ మర్నాడు ఎండ.

రెండో వారం, పొద్దున. బస్సులో పిల్లలు నిండుగా ఉన్నారు. కల్వర్టు దగ్గర ఎదురుగా మోటారు సైకిలు వస్తోంది. అప్పటికి కన్ను నొప్పిపుట్టి రెండూ తెరిచాను. రెండు మోటారు సైకిళ్ళు కనబడ్డాయి. లేనిదాన్ని తప్పించబోయి స్టీరింగు ఎడమకు కోశాను. ఎడమ చక్రం తారు దిగింది, బస్సు ఒరిగింది. కల్వర్టు గోడకు మూరెడు దూరంలో ఆగింది. పిల్లలు "ఓ..." అని కేరింతలు కొట్టారు, ఆటనుకున్నారు. నా వీపంతా తడిసిపోయింది.

లచ్చమ్మక్క రైట్ అనలేదు. తలుపు తీసి కిందికి దిగింది. డ్రైవరు వైపు వచ్చి నిలబడి నా ముఖం చూసింది.

"దిగు తమ్మీ."

"ఏం కాలేదక్కా, జర చక్రం దిగింది గంతే. రైట్ అను."

"నేననను. ఎన్నొద్దుల సంది చూస్తున్న, ఒక్క కన్ను మూసి నడుపుతున్నవ్. గింతమంది పోరగాండ్ల పానం నీ ఒక్క కంట్ల పెట్టినవా? దిగుతవా, పోరగాండ్లను నన్ను దింపుకొమ్మంటవా?"

నాకు మండింది. "పరీక్ష పాసైన! ముద్ర కొట్టిన కాయితముంది నా దగ్గర!" అని అరిచాను. ముందు సీటులో చిన్నపిల్ల ఒకతి ఏడుపు మొహం పెట్టింది. అది చూడలేకపోయాను. తాళం తీసి ఆమె చేతిలో పెట్టి దిగాను. బడికి ఫోన్ చేస్తే ఇంకో డ్రైవరు వచ్చి బస్సు తీసుకుపోయాడు. కల్వర్టు మీద కూర్చుని ఏడ్చాను. అవమానంతో ఏడ్చానో, ఎవరికీ ఏమీ కాలేదని ఏడ్చానో ఇప్పటికీ తెలియదు.

ఇంటికొచ్చి పద్మకు అంతా చెప్పేశాను, నాలుగో వరుసతో సహా. ఆమె చేతిలో చాట ఉంది. అది నేల మీద విసిరేసింది. "ఏ పిల్లకన్న ఏమన్నయితే వాళ్ళమ్మకు నేనేం ముఖం సూపెట్టాలె?" అంది. ఆ మాట తర్వాత రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నల్లగొండకు మాత్రం తెల్లారే తీసుకుపోయింది.

నల్లగొండ, బెంచీ మీద

నాలుగు గంటలు కూర్చున్నాం. కంట్లో చుక్కలు వేశారు, కళ్ళు మూసుకోమన్నారు. కళ్ళు మూసుకుని కూర్చోవడమంటే నాకు జైలే. కాలు ఊగుతూనే ఉంది, బెంచీ మొత్తం ఊగుతోంది. పక్కన పానగల్ నుంచి వచ్చిన ఒక అవ్వ, ఒక కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని ఉంది.

"ఓ కొడుకా, బస్సు నడుపుతవా ఏంది?" అంది.

"ఎట్ల తెలిసిందవ్వా?"

"కాలు బ్రేకు తొక్కినట్టే తొక్కుతున్నవు గద! తొక్కు, తొక్కు. రెండో కంటి ఆపరేషనైనంక నన్ను గూడ ఊరికాడ దింపు" అని నవ్వి, కొంగు ముడిలోంచి పల్లీపట్టీ ముక్క తీసి నా అరచేతిలో పెట్టింది. పద్మ కూడా నవ్వింది, కల్వర్టు సంగతి విన్నాక మొదటిసారి. అవ్వ పేరు అడగడం మరిచిపోయాను.

లోపల డాక్టరమ్మ చిన్న వయసు. లైటు వేసి చాలాసేపు చూసింది. వేలు అటూ ఇటూ తిప్పి ఎన్ని కనబడుతున్నాయో అడిగింది.

"ఏమైనా మందులు వాడుతున్నారా?"

"ఏం లేవు మేడం."

పద్మ మోచేత్తో పొడిచింది. "నడుముకు గోలీలేస్తుండు గద!"

"గవి నడుముయి మేడం, కండ్లకు కాదు."

"నడుముకు వేసుకుంటే మందు కాదా?" అంది డాక్టరమ్మ.

పద్మ సంచిలోంచి అన్నీ తీసి బల్ల మీద పోసింది. ఆ సంచి తెచ్చిన సంగతి నాకు తెలియదు. కత్తిరించిన అట్టముక్కలు, కాగితం పొట్లం, పాత చిట్టీ. డాక్టరమ్మ ఊళ్ళో ఆయనకు ఫోన్ చేయించి పొట్లంలోది ఏ గోలీయో అడిగింది. తర్వాత తెల్ల గోలీని, గులాబీ గోలీని పక్కపక్కన పెట్టింది.

"రెండూ ఒకటే మందు. కంపెనీలు వేరు, రంగులు వేరు. పది రోజుల మందును ఒకటిన్నర నెల వేసుకున్నారు, అదీ రెండింతలు."

కంటి కండరాలకు కూడా ఆ మందు తగులుతుందని, కొందరికి చూపు అలుక్కుపోవడం, రెండుగా కనబడటం, కళ్ళెండిపోవడం జరుగుతుందని ఆమె నింపాదిగా చెప్పింది. ఇంటికి పోయి గోలీలన్నీ పెంటకుప్పలో వేస్తానన్నాను.

"అదీ చెయ్యొద్దు. ఒక్కసారిగా ఆపితే ఇంకో ఇబ్బంది. ఎముకల డాక్టరు దగ్గరికి ఇప్పుడే పొండి. ఆయన చెప్పినట్టు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి."

"చూపు మళ్ళ ఎప్పుడొస్తది మేడం?"

"వస్తుందనే అనుకుంటున్నాను. ఇన్ని రోజులని చెప్పలేను. అప్పటిదాకా బండి ముట్టుకోవద్దు."

ఇన్ని రోజులని చెప్పకపోవడం ఉంది చూశారూ, నాలాంటివాడికి అంతకంటే పెద్ద శిక్ష లేదు.

జూలై, ఆగస్టు

అరుగు మీద కూర్చున్నాను. ఎడమ కన్ను మూసి చూడటం, కుడి కన్ను మూసి చూడటం, రెండూ తెరిచి చూడటం. స్తంభం ఒకటా, రెండా? పొద్దున ఒకటే ఉన్నట్టుండేది, మధ్యాహ్నానికి మళ్ళీ రెండు. అయిదు నిమిషాలకోసారి చూసేవాణ్ణి.

"గట్ల కన్ను కొట్టుకుంట అరుగు మీద కూసుంటే వాడకట్టోళ్ళు ఏమనుకుంటరయ్యా? ఎదురింటామె కిటికీ మూసుకున్నది" అంది పద్మ.

నవ్వుకున్నాం గానీ అన్ని రోజులూ అట్లా లేవు. పద్మ పత్తి చేనులో కలుపు తీయడానికి కూలికి పోయింది. సాయంత్రం మట్టి కాళ్ళతో వచ్చి వండి పెడితే, ఏం చేయాలో తెలియని కోపంతో కూరలో ఉప్పెక్కువైందని గిన్నె నెట్టేశాను. ఆమె గిన్నె తీసి పక్కన పెట్టి, నా కంచంలో పచ్చడి వేసింది. కళ్ళు ఉన్నప్పుడు చేయని పని కళ్ళు పోయినప్పుడు చేశానని సిగ్గేసింది, మర్నాడు నేనే బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను.

రోజూ పొద్దున ఏడూ నలభైకి మా బస్సు ఇంటి ముందు నుంచే పోయేది. కొత్త డ్రైవరు మూల మీద గేరు మార్చేటప్పుడు కర్రుమనిపించేవాడు. ఆ చప్పుడుకు పళ్ళు నూరుకునేవాణ్ణి. బడివాళ్ళు దసరా దాకా చూస్తామన్నారు. ఆ తర్వాత ఆ ఉద్యోగం అతనిదే.

ఒక ఆదివారం లచ్చమ్మక్క వచ్చింది. కల్వర్టు రోజు తర్వాత ఆమెను చూడటం అదే. లోపలికి పోదామని లేవబోయాను. ఆమె నాలుగు సీతాఫలాలు అరుగు మీద పెట్టింది.

"కోపమున్నదా తమ్మీ?"

"ఉండె. ఇప్పుడు లేదు."

"ఉన్నా ఏం గాదు. పోరగాండ్లు అడుగుతున్నరు, సైదులు మామ ఎప్పుడొస్తడని. ఏం చెప్పాలె?"

"కండ్లొచ్చినంక వస్తడని చెప్పక్కా."

ఆమె పోయాక సీతాఫలం గింజలు ఊస్తూ చాలాసేపు కూర్చున్నాను. ఆ పూట కాలు ఊగలేదు, పద్మ చెబితేనే గమనించాను.

సెప్టెంబరు

గోలీలు పూర్తిగా మానేసి చాలా రోజులయింది. నడుముకు ఎముకల డాక్టరు చెప్పిన కసరత్తులే. స్తంభం మూడు రోజులు వరుసగా ఒక్కటే కనబడింది. నేను నమ్మలేదు. నాలుగో రోజు తీగ మీద పిట్టలను లెక్కపెట్టి, పద్మను పిలిచి లెక్కపెట్టించాను. ఇద్దరికీ తొమ్మిదే. డాక్టరమ్మ చూసి నయమైందంది, బండి నడపాలంటే మళ్ళీ ఆ కళ్ళ పరీక్షకు పోయి కాగితం తెచ్చుకొమ్మంది.

ఈసారి రవాణా ఆఫీసు గోడ, పట్టిక మాత్రం అదే. నాలుగో వరుస స్పష్టంగా కనబడుతోంది. ర, ప, న, గ, వ. నోరు తెరవబోయి ఆగిపోయాను. కనబడి చదువుతున్నానా, గుర్తుండి చదువుతున్నానా?

"సార్, నాకు గీ వరుస నోటికొస్తది. ఎనుకనుంచి చూపెట్టుండ్రి. నడుమనుంచి చూపెట్టుండ్రి. మీ ఇష్టం" అన్నాను.

పరీక్ష చేసే ఆయన విసుక్కున్నాడు. అయినా కర్రతో అక్కడొకటీ ఇక్కడొకటీ చూపించాడు. అన్నీ చెప్పాను. జూన్‌లో ఏం చేశానో కూడా ఆయనకు చెప్పేశాను. ఆయన నన్నొకసారి చూసి, ఇంకో పట్టిక తెప్పించి అదీ చదివించి ముద్ర వేశాడు.

మీకు ఒక్కటే చెబుతాను. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ఇంట్లో ఉన్న గోలీలన్నీ సంచిలో వేసుకుని పొండి. ఏ నొప్పికి వేసుకునేదైనా సరే. ఖాళీ అట్ట చిట్టీ కాదు.

బతుకమ్మ సెలవులకు ముందు సోమవారం బడికి పోయాను. లచ్చమ్మక్క బస్సు దగ్గరే ఉంది. కాగితం చూపించాను. చేతిలోకి కూడా తీసుకోలేదు.

"జూన్ల గూడ తెచ్చినవ్ గదా కాయితం" అంది.

నన్ను బస్సు దగ్గరే నిలబెట్టి మైదానం అవతలి గోడ దాకా నడిచిపోయింది. అక్కడ ఆడుకుంటున్న చిన్నపిల్లలను పోగేసి వరుసగా నిలబెట్టింది. వాళ్ళు కదులుతున్నారు, ఒకరినొకరు నెట్టుకుంటున్నారు.

"ఎంతమంది?" అని అక్కడినుంచి అరిచింది.

లెక్కపెట్టాను. "పదకొండు!"

"మళ్ళ లెక్కవెట్టు."

మళ్ళీ లెక్కపెట్టాను, ఒక్కొక్కరి తల చూసుకుంటూ. "పదకొండే అక్కా!"

ఆమె వంగి ఒక్కో తల మీద చెయ్యి వేసుకుంటూ చివరిదాకా పోయింది. తర్వాత నిలబడి నా వైపు చూసింది. అంత దూరం నుంచీ ఆమె నవ్వడం నాకు కనబడింది. తిరిగొచ్చి తలుపు దగ్గర తన జాగాలో నిలబడింది.

"ఎక్కు తమ్మీ."

ఆ సాయంత్రం పిల్లలందరూ ఎక్కాక ఆమె రైట్ అంది. రెండు కళ్ళూ తెరుచుకునే నడిపాను.